తుప్పు డాక్టరు చెవి

రేవుకి వెళ్ళే రోడ్డు మీద, ఐసు ఫ్యాక్టరీ గోడకి ఆనుకుని ఒక రేకుల షెడ్డు ఉంది. పికప్ బండి కొనాలన్న కోరిక పుట్టిన ప్రతి మనిషీ, ఇంట్లోవాళ్ళని అడిగే ముందు ఆ షెడ్డుకి వచ్చి అడిగేవాడు. అక్కడ ఉండేది ఒక టింకరింగ్ మేస్త్రీ. బండ్ల సొట్టలు తియ్యడం, తుప్పు తిన్న చోట రేకు కోసి కొత్తది అతకడం ఆయన వృత్తి. ఏ బండిని తుప్పు ఎంతకాలానికి తింటుందో తీర్పు చెప్పడం ఆయన వ్యసనం. అందుకే ఊరు ఆయన్ని తుప్పు డాక్టరు అని పిలిచేది. పట్టా చూపించమని ఎవరూ అడగలేదు. వైద్యం వికటించిన రోగులు నోరెత్తలేదు, అవి బండ్లు కనక.

సముద్రం పక్క ఊళ్ళో ఇనుముకి సుఖం ఉండదు. గాలిలో ఉప్పు, చేపల పెట్టెల్లోంచి కారే ఐసు నీళ్ళలో ఉప్పు, ఆ నీళ్ళు ఆరిన రోడ్డంతా ఉప్పు. అలాంటి చోట బండి కొనడమంటే పిల్లనిచ్చినంత పని. పైకి అందరూ బాగానే కనిపిస్తారు. లోపల ఏముందో చెప్పగలిగిన మధ్యవర్తి కావాలి.

కంపెనీల అసలు పేర్లు ఆ షెడ్డులో చెల్లేవి కావు. ముందు మూతి మీదున్న బొమ్మని బట్టి బండ్లు మూడు జాతులు: ఏనుగు, బాణం, నక్షత్రం. ఏనుగుది దళసరి ఇనుము. చెయ్యి వేస్తే నమ్మకం కలుగుతుంది. కాకపోతే పైన రంగు తప్ప ఇంకే రక్షణా లేదు. బాణంది పలచటి రేకు, కానీ రంగు కింద జింకు పూత ఉంటుంది. గీత పడనంత కాలం కొత్తపెళ్ళికూతురులా ఉంటుంది, పడ్డాక ఆ గీత వెంబడే పొక్కులు లేస్తాయి. ఇక నక్షత్రం సంగతి. వాళ్ళు శ్రద్ధంతా ఇంజను మీద పెట్టి, ఆ తరవాత దాన్ని ఉత్తగా పంపితే బాగుండదని మొహమాటానికో బాడీ తగిలిస్తారు. ఇంజను చావదు, బాడీ బతకదు.

డాక్టరు ఏనుగు పక్షం. "ఇనుమంటే ఇనుములా ఉండాలి. పూతలు పూసుకు తిరిగేవాళ్ళని నేను నమ్మను" అనేవాడు.

బాణం తరఫు వకీలు ఆయన బామ్మర్ది, అంటే భార్యకి తమ్ముడు. రేవులో దిగిన చేపల్ని మార్కెట్లకి తోలేవాడు. ఆ పలచటి బాణం బండే అతని బతుకు. రోజూ రేవుకి పోతూ షెడ్డు ముందు ఆపేవాడు, వాదన ఎక్కడ ఆగిందో అక్కణ్ణించి ఎత్తుకోడానికి.

"ఏరా, నీ అగ్గిపెట్టె ఇంకా కదుల్తోందా?"

"కదుల్తోంది బావా. నీ ఏనుగులే కదలకుండా ఇక్కడ పడుకున్నాయి, చూసుకో. నా బాణం ఒక్కనాడైనా నీ దగ్గరికి వైద్యానికొచ్చిందా?"

"రాదు. నువ్వు తీసుకురావు, సిగ్గు."

"అక్కా, మీ ఆయన్ని చూడు!"

"మీ ఇద్దరి మధ్యకీ నన్ను లాగకండి. నాకు రెండూ ఇనుమే" అనేది అక్క.

ఆ అక్కగారిని ఊరు డాక్టరమ్మ అనేది. డాక్టరు భార్య కనక డాక్టరమ్మ, అంతకుమించి ఆ బిరుదుకి కారణం ఉందని ఎవరూ అనుకోలేదు. ఆవిడ కుండల దుకాణంలో పుట్టి పెరిగిన మనిషి. ఇల్లు షెడ్డు పైనే. వంట కాగానే ఇనపమెట్లు దిగి వచ్చి, గుమ్మం పక్కన పాత బండి సీటు మీద కూచుని, ఒళ్ళో ఫ్లాస్కు పెట్టుకుని రోడ్డు చూస్తూ ఉండేది. నీలం ఫ్లాస్కు, మూత సొట్టది. సొట్టలు తియ్యడమే వృత్తిగా ఉన్న మొగుడికి ఆ ఒక్క సొట్ట తియ్యడానికి ఎప్పుడూ తీరిక దొరకలేదు.

డాక్టరుగారి పరీక్ష చూడదగ్గ దృశ్యం. ఆయన ముందు బండి చుట్టూ ఒకసారి తిరిగేవాడు, పెళ్ళిచూపుల్లో పెద్దమనిషిలా. తరవాత చక్రాల పలకమీద వెల్లకిలా పడుకుని బండి కిందికి దొర్లిపోయేవాడు. బయటికి కాళ్ళు మాత్రమే కనిపించేవి. చేతిలో చిన్న సుత్తి. చాసిస్ పొడుగునా, ముందు నించి వెనక్కి, కొడుతూ వింటూ పోయేవాడు. బతికున్న ఇనుము ఖణేల్ మంటుంది. లోపల తుప్పు తిన్నది బొద్దుగా పలుకుతుంది, తడిసిన అట్టని తట్టినట్టు. కళ్ళు మూసుకుని కొట్టేవాడు. కళ్ళు అబద్ధం చెబుతాయట, రంగు వాటికి లంచం ఇస్తుందట.

ఒకసారి మొక్కల నర్సరీ ఆవిడ పాత ఏనుగు బండిని బేరం ఆడుకుని, దాన్ని చూపించడానికి తెచ్చింది. కుండీలూ మట్టిబస్తాలూ తోలుకోవాలి, గట్టి బండి కావాలి. డాక్టరు కిందికి దూరాడు. ఖణేల్, ఖణేల్, ఖణేల్. నర్సరీ ఆవిడ మొహం ఒక్కో దెబ్బకీ వికసిస్తోంది.

"ఏమండీ, టీ చల్లారిపోతోంది" అని గట్టిగా కేకేసింది డాక్టరమ్మ.

సుత్తి ఆగింది. బండి కిందనించి గర్జన వచ్చింది. "పని మధ్యలో నీ టీ గోలేంటే? ఎన్నిసార్లు చెప్పాలి? ఎక్కడిదాకా వచ్చానో మర్చిపోయాను!"

మర్చిపోయాడు కనక కొంచెం వెనక్కి జరిగి, కొట్టిన చోటే మళ్ళీ కొట్టాడు. ఈసారి అనుమానం వచ్చి వేలితో తడిమాడు, స్క్రూడ్రైవరుతో పొడిచాడు. స్క్రూడ్రైవరు పిడిదాకా దిగిపోయింది. గోధుమరంగు పొట్టు ఆయన మొహంమీద రాలింది.

"ఈ ఏనుగుకి కాలు లేదమ్మా, వద్దు" అంటూ బయటికి దొర్లాడు, మొహం తుడుచుకుంటూ, మహా గంభీరంగా.

"ఎలా కనిపెడతారండీ బాబూ!" అంది నర్సరీ ఆవిడ.

"చెవి" అన్నాడు డాక్టరు. ఆ జవాబు ఆవిడ మూడోసారి అడిగితేగానీ రాలేదు, ఎందుకంటే మొదటి రెండుసార్లూ ఆయన "ఆఁ?" అన్నాడు. ఈ కాలం మనుషులు నోట్లోనే మాట్లాడుకుంటారని ఆయనకి పెద్ద ఫిర్యాదు. బతుకంతా రేకుల మీద సుత్తులు మోగించిన మనిషి, లోపం జనం నోళ్ళలో ఉందని తేల్చాడు. ఆ తీర్పు మీద అప్పీలు లేదు.

డాక్టరమ్మ ఫ్లాస్కు మూతలో టీ వంచి ఇచ్చింది. ఆయన ఊదుకుంటూ, పెదాలు కాల్చుకుంటూ తాగాడు.

ఇలా ఎన్ని బండ్లు, ఎన్ని టీలు, ఎన్ని కసుర్లు!

ఒక మధ్యాహ్నం డాక్టరమ్మ భోజనం చేసి, కాసేపు నడుం వాలుస్తానని పడుకుంది. మళ్ళీ లేవలేదు. గుండె అన్నారు. అసలు డాక్టరు చూసి, ముందు ఎప్పుడైనా ఆయాసం అన్నారా అని అడిగాడు. తుప్పు డాక్టరు ఆలోచించాడు. మెట్ల మీద ఆగి ఆగి దిగేది. మోకాళ్ళనుకున్నాడు.

తరవాత షెడ్డు తలుపు తెరిచే ఉండేది గానీ సుత్తి చప్పుడు లేదు. వచ్చినవాళ్ళని "చూద్దాం, రేపు రండి" అని పంపేసేవాడు. మర్నాడు వస్తే మళ్ళీ అదే. బండి సీటు మీద, ఆవిడ కూచునే చోటు వదిలేసి, ఓ పక్కకి కూచునేవాడు. తిండి బామ్మర్ది ఇంటినించి గిన్నెలో వచ్చేది, సగం తిని తిరిగి వెళ్ళేది.

బామ్మర్ది రోజూ బండి ఆపేవాడు. "బావా, నీ ఏనుగు ఒకటి రోడ్డు మధ్యలో చతికిలబడింది, చూశావా?" అనేవాడు. ఎదుటి వకీలు నోరెత్తకపోతే గెలుపుకి రుచి లేదు. అతనికి అక్క పోయిన దుఃఖం ఒకటి, బావ ఇలా కూచుండిపోతే ఈ మనిషీ దక్కడేమోనన్న భయం ఒకటి.

ఒక పొద్దున్న వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"బావా, బాణం అమ్మేస్తున్నా."

డాక్టరు తలెత్తాడు.

"నువ్వు చెప్పిందే నిజం. పలచటి రేకు, ఎన్నాళ్ళు? ఏనుగు కొంటాను. ఒకటి చూసి ఉంచాను. నువ్వు చూసి సరేనంటే కొంటాను, లేకపోతే లేదు."

"నిజంగానా?"

"నిజంగా. నా బతుకంతా ఆ బండి మీదే కదా బావా. ఇంకెవర్ని నమ్మమంటావు?"

బతుకంతా వాదించినవాడు ఒక్క మాటలో ఓడిపోతే అనుమానించాలి. కానీ గెలిచినవాడికి ఆ తెలివి వెంటనే రాదు. డాక్టరు లేచి, మేకుకి తగిలించిన సుత్తి తీశాడు. దాని మీద దుమ్ము తుడిచాడు. బామ్మర్ది మొహం తిప్పుకుని రోడ్డుకేసి చూశాడు, అక్కడ ఏమీ లేకపోయినా.

ఏనుగు బండి వచ్చింది. కిందంతా కొత్తగా తారు పూశారు, నిగనిగలాడుతోంది. ఉప్పు కడగకుండా, తడి ఆరకుండా తారు పూస్తే లోపలి తుప్పుకి దుప్పటి కప్పినట్టేనని ఈ షెడ్డులో అందరికీ పాఠం చెప్పింది డాక్టరే. అయినా ఆయనకి కళ్ళమీద నమ్మకం లేదు కదా. కళ్ళు మూసుకుని కొట్టాడు. ముందునించి వెనకదాకా, ఈ పక్క, ఆ పక్క. ఎవరూ పిలవలేదు. ఎవరూ కసిరించుకోలేదు. ఎక్కడా ఆగాల్సిన అవసరం రాలేదు. ఇంత హాయిగా సాగిన పరీక్ష ఆయన జీవితంలో లేదు.

బయటికి దొర్లి వచ్చినప్పుడు మొహంలో మళ్ళీ కళ కనిపించింది. "ఏనుగంటే ఇదిరా! గంటలా ఉంది! తీసుకో" అన్నాడు.

బామ్మర్ది తీసుకున్నాడు. ఆ పూట ఇంటినించి వచ్చిన గిన్నె ఖాళీగా తిరిగి వెళ్ళింది.

కొన్నాళ్ళు బాగానే నడిచింది. ఆ తరవాత ఒక పొద్దున్న, ఐసూ చేపలూ నిండా ఎత్తుకుని రేవు ఏటవాలు ఎక్కుతుంటే ఏనుగు కూచుంది. వెనక చక్రాల మీది కమాన్ కట్టల పైన చాసిస్ ఎడంపక్క విరిగి, తొట్టి ఒక వైపుకి ఒరిగిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పెట్టెలన్నీ జారి, చేపలు వచ్చిన దారినే సముద్రం కేసి బయల్దేరాయి. కొంగలకీ కాకులకీ అంత పెద్ద విందు ఎన్నడూ జరగలేదు. చేపల సేట్లు పాపం, అయ్యో అని సానుభూతి చూపించి, మర్నాటికి ఇంకో బండి మాట్లాడుకున్నారు. ఆ ఇంకో బండి ఏమిటంటే, బామ్మర్ది అమ్మేసిన బాణమే.

విరిగిన ఏనుగుని గొలుసుతో లాక్కొచ్చి షెడ్డులో దించారు. డాక్టరు దాని చుట్టూ తిరుగుతూ మండిపడ్డాడు.

"బరువు ఎక్కువేసి ఉంటావు! ఐసు ఎంత వేశావు? గోతిలో దింపావా? నేను కొట్టి చూశానురా, నా చెవులతో విన్నాను, గంటలా ఉంది!"

"అవును బావా."

"అవునంటావేమిట్రా! కావాలంటే చూడు!" సుత్తి తీసి, విరిగిన చోటుకి బెత్తెడు ఇవతల కొట్టాడు. తారు పెచ్చు ఊడిపడింది, దాని వెనకాల తుప్పు పొట్టు ధారకట్టింది. "విను! ఖణేల్ మంటోందా లేదా?"

తడి అట్టని తట్టినట్టు చప్పుడైంది. ఈసారి బామ్మర్దిక్కూడా తెలిసింది. డాక్టరు మళ్ళీ కొట్టాడు. సుత్తి రేకులో దిగబడిపోయింది. ఆయన దిగబడ్డ సుత్తి కేసి చూశాడు, తరవాత బామ్మర్ది మొహం కేసి చూశాడు.

"ఏంట్రా?"

బామ్మర్ది దగ్గరికి వచ్చి, ఆయన చెవి దగ్గర గట్టిగా, కానీ కోపం లేకుండా చెప్పాడు. "నీకు వినపడదు బావా. ఎప్పణ్ణించో వినపడదు."

"మరి ఇన్ని బండ్లు..."

"అక్క వినేది."

డాక్టరు సుత్తి పిడి వదిలేశాడు.

"పగులుందేమోనని కుండలు మీటి విన్న మనిషి కదా బావా. నువ్వు కొడుతుంటే అక్కడ కూచుని వినేది. బొద్దు పలికిన చోట టీ అని కేకేసేది. నువ్వు తిట్టుకుంటూ వెనక్కొచ్చి మళ్ళీ చూసుకునేవాడివి. 'మీ బావకి చెప్పకురా, మనిషి కుంగిపోతాడు' అని నా దగ్గర ఒట్టేయించుకుంది."

డాక్టరు గుమ్మం పక్కన గూట్లో ఉన్న నీలం ఫ్లాస్కు కేసి చూశాడు. పొద్దున పోసిన టీ సాయంత్రందాకా పొగలు కక్కే ఫ్లాస్కు. ప్రతిసారీ పెదాలు కాల్చుకున్నాడు. ఫ్లాస్కులో టీ ఎలా చల్లారుతుందే అని, తుప్పు మీద అంత పరిశోధన చేసిన మనిషి, ఒక్కనాడు అడగలేదు. అడగడానికి తీరిక ఎక్కడిది, కసరడమే సరిపోయింది.

ఫ్లాస్కు కేసి చూస్తూనే అన్నాడు. "తెలిసీ నాచేత ఎందుకు చూపించావురా? నీ బండి కదా. నీ పిల్లల తిండి కదా."

"నేను విన్నాను బావా, అక్క కూచునే చోట నిలబడి. అంతా ఒకేలా ఉంది నాకు. నేను దుకాణంలో ఎప్పుడు కూచున్నాను, రేవు పట్టుకు తిరిగాను. కుండలన్నీ అక్కే మీటేది. నువ్వు సుత్తి పట్టుకుంటే చాలనుకున్నాను. బండి సంగతి తరవాత అనుకున్నాను."

ఏనుగు, బాణం కేసు ఆ పూటతో కొట్టేశారు. తీర్పు చెప్పాల్సినవాడు ఏడుస్తున్నాడు, వాదించాల్సినవాడు అతని వీపు రాస్తున్నాడు.

కుళ్ళిన ముక్క కోసి, అటూ ఇటూ దళసరి పట్టీలు అతికి, ఏనుగుని లేపడానికి డాక్టరుకి చాలా రోజులు పట్టింది. తారంతా గీకాడు, ఉప్పంతా కడిగాడు, ఎండలో ఆరబెట్టాడు. రోజూ పొద్దున్నే షెడ్డు ముందునించి పాత బాణం చేపలు మోసుకుంటూ పోయేది. ఒక్క పొక్కు లేదు. ఇద్దరూ దాన్ని చూసి, మళ్ళీ పనిలో పడేవాళ్ళు. చేపల బేరం తిరిగి రాలేదు. బామ్మర్ది ఇటుకలు తోలడం మొదలుపెట్టాడు. ఇటుకలకి వాసన ఉండదనీ, ఇంట్లో ఆడవాళ్ళు సంతోషించారనీ చెప్పుకునేవాడు.

తరవాత ఒకరోజు నర్సరీ ఆవిడ మళ్ళీ వచ్చింది, ఇంకో పాత బండితో. "డాక్టరుగారూ, ఏనుగు మంచిదా, బాణం మంచిదా? మీరే చెప్పాలి."

"తెలీదమ్మా" అన్నాడాయన. ఆ మాట ఆ షెడ్డులో మొదటిసారి వినపడింది. "నాకు చెవులు పోయాయి. ఇప్పుడు అంగుళం అంగుళం పొడిచి చూస్తున్నాను. ఆలస్యమవుతుంది. తొందరైతే ఇంకెవరికైనా చూపించుకోండి."

ఆవిడ ఆయన మొహం చూసి, తొందరేం లేదంది.

ఆయన పలకమీద పడుకుని కిందికి దొర్లాడు. అలవాటు కొద్దీ చేతిలో సుత్తి కూడా ఉంది. ఒక చోట పొడిచి, పక్కన ఊరికే ఒక దెబ్బ వేశాడు. గుమ్మం పక్కన బండి సీటు దగ్గర బామ్మర్ది నిలబడి ఉన్నాడు. ఇటుకల దుమ్ముతో వచ్చి, ఫ్లాస్కులో ఇంటినించి టీ పోయించుకొచ్చాడు. దాన్ని ముందే మూతలోకి వంచి, చేత్తో పట్టుకుని, మెడ వంచి, ఊపిరి బిగబట్టి వింటున్నాడు. ఎక్కడ పిలవాలో తెలియక ఎంతోసేపు అలాగే నిలబడ్డాడు. చివరికి, ఎక్కడో ఒక చోట పిలవాలి కదా అని, గట్టిగా కేకేశాడు.

"బావా, టీ చల్లారిపోతోంది!"

సుత్తి ఆగింది. డాక్టరు కొంచెం వెనక్కి జరిగి, ఆ చోట స్క్రూడ్రైవరు పెట్టి బలంగా పొడిచాడు. దిగలేదు. ఇనుము గట్టిగానే ఉంది. తప్పు చోట పిలిచాడు.

ఆయన కసరలేదు. బయటికి దొర్లి, లేచి కూచుని, ఆ సొట్ట మూత అందుకున్నాడు.

టీ నిజంగానే చల్లారిపోయింది. మొత్తం తాగాడు.